సూపర్‌ఛార్జర్ పక్కదారి: మూసేస్తే బలం పెరుగుతుందా?

సూపర్‌ఛార్జర్ ఉన్న కారు యజమానికి ఏదో ఒక రోజు వినబడే సలహా ఒకటుంది. ‘మీ ఇంజిన్‌లో ఒక కవాటం గాలిని వెనక్కి పంపేస్తోంది. దాన్ని మూసేయండి, బలం అమాంతం పెరుగుతుంది’ అన్నది ఆ సలహా. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. కష్టపడి నెట్టిన గాలిని మళ్లీ వెనక్కి వదలడం ఎవరికైనా వృథాగానే కనిపిస్తుంది. కానీ ఆ కవాటం పనితీరును దగ్గరగా గమనిస్తే వ్యవహారం తలకిందులవుతుంది. పూర్తి బలం అవసరమైన క్షణంలో ఆ పక్కదారి ఎలాగూ మూసుకునే ఉంటుంది. అది తెరుచుకునేది బలం అక్కరలేని వేళల్లోనూ, ఇంజిన్‌ను కాపాడవలసిన వేళల్లోనూ మాత్రమే. కాబట్టి దాన్ని శాశ్వతంగా మూసేసిన యజమానికి దక్కేది స్వల్పం, కోల్పోయేది అధికం.

బూస్ట్ బైపాస్ అని పిలిచే ఈ ఏర్పాటు ఎందుకు పుట్టింది, ఎలా పనిచేస్తుంది, దానిలో చేసే మార్పుల్లో ఏది మరమ్మతు, ఏది మెరుగుదల, ఏది చేటు అన్నది పరిశీలిద్దాం. ఉదాహరణగా జనరల్ మోటార్స్ 1990ల మధ్య నుంచి పదేళ్లపాటు తయారు చేసిన 3.8 లీటర్ల వీ6 ఇంజిన్‌ను తీసుకుందాం. ఎల్67 అనే సంకేతనామంతో అది పాంటియాక్ గ్రాండ్ ప్రీ, బోన్‌విల్, బ్యూక్ రీగల్, షెవర్లే ఇంపాలా వంటి కార్లలో వచ్చింది. బైపాస్ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి దానికంటే స్పష్టమైన నమూనా దొరకడం కష్టం.

అదనపు పీడనం ఎక్కడి నుంచి వస్తుంది?

మామూలు ఇంజిన్ గాలిని పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెడతారు. టర్బోఛార్జర్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, అది పొగగొట్టంలోంచి పోయే వాయువుల శక్తితో తిరుగుతుంది. సూపర్‌ఛార్జర్‌ను ఇంజిన్ క్రాంక్ షాఫ్టే బెల్టు ద్వారా నేరుగా తిప్పుతుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ అదీ తిరగవలసిందే. ఈ ఒక్క తేడాలోనే బైపాస్ కథ అంతా ఇమిడి ఉంది.

ఎల్67 ఇంజిన్ మీద ఉన్నది ఈటన్ సంస్థ తయారు చేసిన ఎం90 సూపర్‌ఛార్జర్. లోపల రెండు మెలితిరిగిన రోటర్లు ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా తిరుగుతూ, గాలిని ఒక పక్క నుంచి మరో పక్కకు తోడిపోస్తుంటాయి. ఈ పద్ధతికి మూలపురుషులు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్ పట్టణానికి చెందిన ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ సోదరులు. 1860లో వారు పేటెంట్ పొందిన యంత్రం కొలుముల్లోకి గాలి ఊదడానికి పనికొచ్చింది. కార్ల యుగం ఆ తర్వాతి మాట. ఈ జాతి యంత్రాలను నేటికీ ‘రూట్స్ బ్లోయర్లు’ అనే అంటారు.

ఎం90లోని 90 అంకె, ఒక్క చుట్టులో అది తోడే గాలి పరిమాణాన్ని సూచిస్తుంది. 90 ఘనపు అంగుళాలు అంటే దాదాపు 1.47 లీటర్లు. 3.8 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ ఒక్కో చుట్టుకు తన సామర్థ్యంలో సగం, అంటే 1.9 లీటర్ల గాలిని మాత్రమే తీసుకోగలదు. పుల్లీల అమరిక వల్ల సూపర్‌ఛార్జర్ ఇంజిన్ కంటే రెండింతలకు కాస్త తక్కువ వేగంతో తిరుగుతుంది. కాబట్టి ఇంజిన్ ఒక్కసారి తిరిగేసరికి సుమారు 2.8 లీటర్ల గాలి వచ్చి పడుతుంది. 1.9 లీటర్లు పట్టే చోటికి 2.8 లీటర్లు చేరితే గాలి కుక్కుకుపోక తప్పదు. ఆ కుక్కుడే బూస్ట్. ఈ ఇంజిన్‌లో అది చదరపు అంగుళానికి ఏడెనిమిది పౌండ్ల మేర ఉంటుంది, అంటే వాతావరణ పీడనానికి దాదాపు సగం అదనం. దాని ఫలితం కంటికి కనిపించేదే. ఇదే కుటుంబానికి చెందిన సూపర్‌ఛార్జర్ లేని ఇంజిన్ 205 అశ్వశక్తులు ఇస్తే, ఎల్67 ఇంజిన్ 240 అశ్వశక్తులు ఇచ్చింది.

క్లచ్చా, పక్కదారా?

అయితే కారు జీవితంలో పూర్తి బలం కావలసిన ఘడియలు చాలా తక్కువ. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, నగర వీధుల్లో మెల్లగా సాగుతున్నప్పుడు, రహదారిపై నిలకడ వేగంతో వెళ్తున్నప్పుడు ఇంజిన్‌కు అదనపు గాలి అక్కరలేదు. అయినా బెల్టు తిరుగుతూనే ఉంటుంది, రోటర్లు గాలిని నెడుతూనే ఉంటాయి. ఆ శ్రమకు మూల్యం పెట్రోలు రూపంలో చెల్లించవలసిందే.

ఈ చిక్కుకు తయారీదారులు మొదట కనుగొన్న విరుగుడు క్లచ్. 1920లలో మెర్సిడెస్ కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌ను చివరిదాకా తొక్కినప్పుడే కంప్రెసర్ ఇంజిన్‌తో జతపడేది. ఆ కార్ల పేర్లలోనే ఈ సంగతి దాగి ఉంది. మెర్సిడెస్ 24/100/140 అంటే పన్ను లెక్కకు 24, కంప్రెసర్ లేకుండా 100, కంప్రెసర్ కలిస్తే 140 అశ్వశక్తులు అని అర్థం. ఒకే ఇంజిన్‌కు రెండు బలాలుంటాయన్న విషయాన్ని పేరే చెప్పేది.

రెండో విరుగుడు పక్కదారి. సూపర్‌ఛార్జర్‌ను తిరగనిస్తూనే, అది నెట్టిన గాలికి తిరిగి మొదటి చోటికి వెళ్లే ఒక చిన్న మార్గం ఏర్పాటు చేస్తారు. ఆ మార్గం తెరిచి ఉన్నంతసేపూ రోటర్లకు ఎదురు ఒత్తిడి ఉండదు. ఎదురు ఒత్తిడి లేకపోతే వాటిని తిప్పడానికి పట్టే శక్తి చాలా స్వల్పం. నిండు బావిలో ముంచిన చేదను నీటిలోనే అటూ ఇటూ కదపడానికీ, దాన్ని గట్టుమీదికి లాగడానికీ ఉన్నంత తేడా అది.

1986లో జపాన్ విపణిలోకి వచ్చిన టొయోటా ఎంఆర్2 సూపర్‌ఛార్జ్‌డ్ కారులో విద్యుదయస్కాంత క్లచ్, బైపాస్ రెండూ కలిపి వాడారు. 1989 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ సూపర్ కూపే కారుతో ఈటన్ ఎం90 రంగప్రవేశం చేసింది. క్లచ్ లేకుండా, బైపాస్‌నే నమ్ముకున్న ఈ పద్ధతి ఆ తర్వాత విస్తృతంగా స్థిరపడింది. క్లచ్ మార్గమూ అంతరించలేదు. చెన్నై శివార్లలోని ఒరగడం కర్మాగారం నుంచి ఐరోపాకు ఎగుమతైన నిస్సాన్ మైక్రా కార్లలో, 2011లో వచ్చిన మూడు సిలిండర్ల సూపర్‌ఛార్జర్ రకానికి అవసరం లేనప్పుడు విడిపోయే క్లచ్ ఉండేది. అక్కడ లక్ష్యం వేగం కాదు, ఇంధన పొదుపు.

కవాటం ఎలా పనిచేస్తుంది?

ఎల్67 ఇంజిన్‌లో గాలి ప్రయాణం ఇలా సాగుతుంది. ఫిల్టరు దాటిన గాలి, దాని రాశిని కొలిచే సెన్సర్ మీదుగా థ్రాటిల్‌ను చేరుతుంది. అక్కడి నుంచి సూపర్‌ఛార్జర్ ముఖద్వారంలోకి, రోటర్ల గుండా కిందికి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి, చివరగా సిలిండర్లలోకి వెళ్తుంది. థ్రాటిల్ సూపర్‌ఛార్జర్‌కు ముందు ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. రోటర్ల వెనుక ఉన్న మ్యానిఫోల్డ్‌నూ, రోటర్ల ముందున్న ముఖద్వారాన్నీ కలుపుతూ ఒక దారి ఉంటుంది. అందులో ఇరుసు మీద తిరిగే గుండ్రటి పలకే బైపాస్ కవాటం.

ఆ పలకను తిప్పేది యాక్చుయేటర్ అనే చిన్న డబ్బా. లోపల రబ్బరు పొర, దాన్ని ఒక వైపుకు నెట్టే స్ప్రింగ్ ఉంటాయి. స్ప్రింగ్ స్వభావం కవాటాన్ని మూయడం. ఇంజిన్‌లోని శూన్యపీడనం దానికి ఎదురుగా పనిచేసి కవాటాన్ని తెరుస్తుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు శూన్యపీడనం ఉండదు కాబట్టి కవాటం మూసి ఉంటుంది. స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో బలమైన శూన్యపీడనం ఏర్పడి రబ్బరు పొరను లాగుతుంది, కవాటం పూర్తిగా తెరుచుకుంటుంది. నిలకడ వేగంలోనూ అంతే. మ్యానిఫోల్డ్‌లో, ముఖద్వారంలో ఒకే పీడనం ఉండటం వల్ల రోటర్లు దాదాపు ఉత్తినే తిరుగుతాయి.

డ్రైవర్ పెడల్‌ను లోతుగా తొక్కగానే థ్రాటిల్ విచ్చుకుంటుంది, శూన్యపీడనం పడిపోతుంది. అప్పుడు స్ప్రింగ్‌దే పైచేయి. కవాటం మూసుకుంటుంది, వెనక్కి పోయే దారి లేక గాలి మ్యానిఫోల్డ్‌లో పేరుకుంటుంది, బూస్ట్ మొదలవుతుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు, ఏ మీటా తిప్పకుండా జరిగిపోతుంది. పెడల్ వదలగానే అదే క్రమం వెనక నుంచి ముందుకు నడుస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. టర్బో కార్లలో పెడల్ వదిలినప్పుడు ‘పిష్’ అంటూ గాలిని బయటికి వదిలే కవాటం వేరు. పొగ వాయువులను టర్బైన్ పక్కనుంచి మళ్లించే వేస్ట్‌గేట్ వేరు. బూస్ట్ బైపాస్ ఈ రెండూ కాదు. అది గాలిని బయటికి వదలదు, లోపలే తిప్పుతుంది. కొందరు చప్పుడు కోసం ఆ గాలిని బయటికి వదిలే ఏర్పాటు చేయబోతారు. కానీ ఆ గాలిని సెన్సర్ అప్పటికే లెక్కించింది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు కొలిచింది. గాలి బయటికి పోతే పెట్రోలు మాత్రం సిలిండర్‌కు చేరి, మిశ్రమం చిక్కబడి, నల్లపొగ మిగులుతుంది.

రెండో గొట్టం ఎందుకు?

ఎల్67 యాక్చుయేటర్‌కు ఒకటి కాదు, రెండు గొట్టాలుంటాయి. పై గొట్టం శూన్యపీడనానికి. కింది గొట్టం బూస్ట్ పీడనానికి. ఈ రెండోదాని మీద సొలెనాయిడ్ అనే విద్యుత్ కవాటం కాపలా ఉంటుంది. దాన్ని నడిపేది ఇంజిన్ కంప్యూటర్.

సాధారణ పరిస్థితుల్లో కంప్యూటర్ సొలెనాయిడ్‌కు దాదాపు పూర్తికాలం విద్యుత్తు పంపుతూ దాన్ని మూసి ఉంచుతుంది. అప్పుడు బైపాస్ పూర్తిగా శూన్యపీడనం చెప్పుచేతల్లో ఉంటుంది. బూస్ట్ తగ్గించాలని కంప్యూటర్ భావించినప్పుడు విద్యుత్తు ఆపేస్తుంది. సొలెనాయిడ్ తెరుచుకుని, బూస్ట్ పీడనం కింది గొట్టం ద్వారా రబ్బరు పొరను స్ప్రింగ్‌కు ఎదురుగా నెడుతుంది. పెడల్ పూర్తిగా తొక్కి ఉన్నా సరే, కవాటం తెరుచుకుని అదనపు గాలి వెనక్కి మళ్లుతుంది. బూస్టే తన పగ్గాన్ని తాను లాగడం ఇందులోని చమత్కారం.

విద్యుత్తు తెగితే ఏమవుతుందో గమనించాలి. తీగ తెగినా, కనెక్టర్ ఊడినా సొలెనాయిడ్ తెరిచే ఉంటుంది, బూస్ట్ తగ్గుతుంది. లోపం తలెత్తినప్పుడు బలం తగ్గే వైపుకే మొగ్గేలా ఇంజినీర్లు దీన్ని రూపొందించారు. ఇంజిన్‌నూ, గేర్‌బాక్స్‌నూ కాపాడటమే దాని పరమార్థం.

ఏ మార్పుతో ఏం జరుగుతుంది?

ఇప్పుడు మార్పుల సంగతి. మొదటిది, బైపాస్ పలకను తీగతో కట్టేసి శాశ్వతంగా మూసేయడం. పూర్తి థ్రాటిల్‌లో పలక ఎలాగూ మూసి ఉంటుంది కాబట్టి గరిష్ఠ బలం ఒక్క అశ్వశక్తి కూడా పెరగదు. నష్టం మాత్రం రోజంతా కొనసాగుతుంది. నిలకడ వేగంలో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, దాని వెనుక ముఖద్వారంలో లోతైన శూన్యపీడనం నిలుస్తుంది. అక్కడి పలుచని గాలిని లాగి మ్యానిఫోల్డ్‌లోకి నెట్టడానికి రోటర్లు నిరంతరం శ్రమించవలసి వస్తుంది. గాలి వేడెక్కుతుంది, సూపర్‌ఛార్జర్ ఈల వేసినట్టు కూస్తుంది, మైలేజీ పడిపోతుంది, పెడల్‌ను కాస్త కదిపినా కారు కుదుపులతో స్పందిస్తుంది. ‘పెడల్ తాకగానే దూకుతోంది’ అని యజమాని మురిసిపోయేది ఈ కుదుపునే చూసి. అది బలం కాదు, ఉన్న బలం ముందుకు జరగడం.

రెండోది, కింది గొట్టాన్ని మూసేసి సొలెనాయిడ్‌ను పనిలోంచి తప్పించడం. కంప్యూటర్ బూస్ట్‌ను తగ్గించాలనుకున్న ఘడియల్లో ఇక తగ్గించలేదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో అలాంటి ఘడియలు అరుదు కాబట్టి, మార్పు చేసిన మర్నాడు యజమానికి ఏ తేడా కనిపించకపోవచ్చు. తేడా కనిపించేది పరిస్థితి వికటించిన రోజున. అగ్నిమాపక పరికరాన్ని తీసేసిన ఇంటికి, నిప్పు అంటుకునేదాకా లోటు తెలియనట్టే ఇదీ.

మూడోది స్ప్రింగ్‌ను మార్చడం, లేదా పలక ఆగే చోటును నిర్ణయించే మరను సర్దడం. ఆలోచించి చేస్తే ప్రయోజనం ఉన్నది ఇక్కడే. 2000ల తొలి ఏళ్ల నాటి మినీ కూపర్ ఎస్ ఇందుకు మంచి ఉదాహరణ. బ్రెజిల్‌లో తయారైన దాని 1.6 లీటర్ల ఇంజిన్ మీద ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్ ఉండేది. మెల్లగా, ఒకే వేగంతో వెళ్లబోయినప్పుడు ఆ కారు కొద్దిగా ముందుకు దూకుతూ, వెంటనే వెనకడుగు వేస్తూ ఊగేది. యజమానులు దానికి ‘యో-యో’ అని పేరు పెట్టారు. 

దాని వెనుక లెక్క సులభం. శూన్యపీడనం సరిగ్గా స్ప్రింగ్ బలానికి సమానమైన అంచు మీద ఉన్నప్పుడు కవాటం ఎటూ నిలవదు. కాస్త మూసుకోగానే గాలి పెరిగి కారు దూకుతుంది. డ్రైవర్ పాదం వెనక్కి తీస్తాడు. శూన్యపీడనం పెరిగి కవాటం తెరుచుకుంటుంది, కారు మందగిస్తుంది. పాదం మళ్లీ ముందుకు పడుతుంది. గట్టి స్ప్రింగ్ వేస్తే కవాటం ముందే మూసుకుని ఆ అంచు తేలికపాటి నడక వైపు జరుగుతుంది. మెత్తని స్ప్రింగ్ వేస్తే అంచు బరువైన నడక వైపు జరుగుతుంది. అంచు మాయం కాదు, డ్రైవర్ ఎక్కువసేపు గడపని చోటికి మారుతుంది. అందుకే స్ప్రింగ్ ఎంపిక ఆ కారు నడిచే రోడ్డును బట్టి ఉండాలి. మరీ గట్టి స్ప్రింగ్ వేస్తే మొదటి మార్పులోని నష్టాలే తిరిగొస్తాయి.

నాలుగోది, బైపాస్‌నే బూస్ట్‌కు పగ్గంగా వాడటం. చిన్న పుల్లీ వేసి సూపర్‌ఛార్జర్ వేగం పెంచిన తర్వాత, పీడనం ఒక హద్దు దాటగానే బైపాస్ తెరుచుకునేలా అమర్చవచ్చు. ఎల్67లో సొలెనాయిడ్ ముతకగా చేసిన పనిని నేటి కార్లలో విద్యుత్ మోటార్లు సున్నితంగా చేస్తున్నాయి. 707 అశ్వశక్తులతో 2015 మోడల్‌గా వచ్చిన డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌లో, బూస్ట్‌ను చదరపు అంగుళానికి 11.6 పౌండ్లకు పరిమితం చేసేది ఎలక్ట్రానిక్ బైపాస్ కవాటమే. అంటే కాలం గడిచే కొద్దీ తయారీదారులు ఈ పక్కదారిని తొలగించలేదు, దానికి మరింత అధికారం అప్పగించారు.

వేడి, నాకింగ్, పెట్రోలు

బూస్ట్ పెంచాలనుకునే వారి అసలు ప్రత్యర్థి వేడి. గాలిని కుదిస్తే అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే, ఆదర్శ యంత్రంలో సైతం ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు పెరుగుతుంది. రూట్స్ తరహా యంత్రం సామర్థ్యాన్ని 55 శాతంగా లెక్కిస్తే పెరుగుదల 67 డిగ్రీలకు చేరుతుంది. అంటే సిలిండర్ గుమ్మంలోకి వచ్చే గాలి దాదాపు 97 డిగ్రీల వద్ద ఉంటుంది. ఎల్67 ఇంజిన్‌కు ఆ వేడిని తగ్గించే ఇంటర్‌కూలర్‌ను కంపెనీ ఇవ్వలేదు. అందుకే దాని కుదింపు నిష్పత్తిని సూపర్‌ఛార్జర్ లేని ఇంజిన్‌లోని 9.4 నుంచి 8.5కు తగ్గించారు. నాణ్యమైన ప్రీమియం పెట్రోలునూ సిఫారసు చేశారు.

3.8 అంగుళాల పుల్లీ స్థానంలో 3.4 అంగుళాలది వేస్తే సూపర్‌ఛార్జర్ వేగం 12 శాతం మేర పెరుగుతుంది. దానితోపాటు వేడీ పెరుగుతుంది. వేడి మితిమీరితే స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట చేరకముందే మూలన ఉన్న మిశ్రమం దానంతటదే పేలుతుంది. గులకరాళ్లు డబ్బాలో వేసి ఆడించినట్టు వినిపించే ఆ చప్పుడే నాకింగ్. కంప్యూటర్ దాన్ని పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, దాంతో పెంచుకున్నామనుకున్న బలం అక్కడే కరిగిపోతుంది. ఆ స్థాయి దాటితే పిస్టన్ అంచులు, రింగుల మధ్య గోడలు విరుగుతాయి. బైపాస్ రక్షణను ముందే తీసేసిన ఇంజిన్‌కు ఈ దశలో అడ్డుకునే చెయ్యి ఒకటి తక్కువ.

భారతీయ పాఠకులు ఇక్కడ ఒక అంకె విషయంలో జాగ్రత్త పడాలి. విదేశీ సూచనల్లో ‘91 ఆక్టేన్’ అని చూసి, మన బంకులోనూ 91 ఉందని నిశ్చింతగా ఉండేందుకు వీల్లేదు. రెండు దేశాల కొలమానాలు వేరు. అమెరికా బంకుల్లో రాసే సంఖ్య రెండు రకాల పరీక్షల సగటు. మన ప్రమాణాల్లో వాడేది వాటిలో ఎక్కువ అంకె ఇచ్చే పరీక్ష ఫలితం. అమెరికా 91 మన లెక్కలో సుమారు 95 లేదా 96 అవుతుంది. బీఎస్-6 ప్రమాణాల్లో సాధారణ పెట్రోలుకు కనీసంగా పేర్కొన్న 91, అమెరికా లెక్కలో 87 దరిదాపుల్లో ఉంటుంది. పేరు ఒకటే అయినా సరుకు వేరు.

మార్పుకు ముందు పరీక్ష

బూస్ట్ తగ్గిందన్న ఫిర్యాదుతో మార్పులకు సిద్ధపడేవారిలో చాలామందికి నిజంగా కావలసింది మరమ్మతు. పాత కారులో గొట్టాలు పగులుతాయి, రబ్బరు పొర చిరుగుతుంది, పలక ఇరుసు మసి పట్టి బిగుసుకుపోతుంది. ఒక్కో లోపానికి ఒక్కో లక్షణం ఉంటుంది.

రబ్బరు పొర చిరిగినా, పై గొట్టం ఊడినా శూన్యపీడనం పనిచేయదు. స్ప్రింగ్ కవాటాన్ని మూసేసి ఉంచుతుంది. బలం తగ్గదు గానీ నిలకడ వేగంలో ఈల చప్పుడు, పెట్రోలు ఖర్చు పెరుగుతాయి. పలక తెరిచిన స్థితిలో బిగుసుకుంటే అందుకు విరుద్ధం. కారు ప్రశాంతంగా నడుస్తుంది గానీ ఎంత తొక్కినా బూస్ట్ మీటరు లేవదు. పలక పూర్తిగా మూసుకోకుండా సన్నని సందు మిగిలితే, బూస్ట్ వస్తుంది గానీ ఉండవలసిన స్థాయికి చేరదు. ఈ చివరి సందర్భంలో మరను సర్ది సందు మూయడం మార్పు కిందికి రాదు, యంత్రాన్ని దాని పుట్టుక స్థితికి తీసుకురావడం కిందికే వస్తుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు యాక్చుయేటర్ కడ్డీ మూసిన వైపు ఉండాలి. ఐడిల్‌లో తెరిచిన వైపుకు జరగాలి. థ్రాటిల్‌ను ఒక్కసారి కదిపితే కడ్డీ కదిలి మళ్లీ స్వస్థానానికి రావాలి. చేతి పంపుతో పై గొట్టానికి శూన్యపీడనం పెడితే అది నిలవాలి. క్రమంగా జారిపోతే పొర చిరిగినట్టే. ఈ నాలుగూ సరిగా ఉన్నాయని తేలాకే స్ప్రింగుల మాట, పుల్లీల మాట ఎత్తాలి. ఆ తర్వాతి మార్పులకు బూస్ట్ మీటరు, గాలి-ఇంధన నిష్పత్తిని చూపే సెన్సర్, నాకింగ్‌ను చదివే స్కానర్ తప్పనిసరి. కొలత లేని మార్పు కళ్లకు గంతలు కట్టుకుని బండి నడపడంతో సమానం.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల మార్పులను నియంత్రిస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా ఏ యజమానీ వాహనాన్ని మార్చకూడదన్నది దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్ట సవరణ ద్వారా చేరిన 182-ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు శిక్ష గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.

అరిగిన యాక్చుయేటర్‌ను అదే రకం దానితో మార్చడం మరమ్మతు. కొత్తగా సూపర్‌ఛార్జర్ బిగించడం, ఇంజిన్ స్వభావాన్ని మార్చేలా బూస్ట్ పెంచడం మరమ్మతు కాదు. బీమా విషయంలోనూ ఈ గీత ముఖ్యమైనదే. చెప్పకుండా చేసిన మార్పు, ప్రమాదం తర్వాత పరిహారం కోరే సమయంలో యజమానికి వ్యతిరేక సాక్ష్యంగా నిలవగలదు. అమెరికాలో నివసించే తెలుగువారు ఇలాంటి కార్లు కొనుక్కున్నా నియమాలు ఉండనే ఉన్నాయి. కాలుష్య నియంత్రణ పరికరాలను పాడుచేయడాన్ని అక్కడి స్వచ్ఛ వాయు చట్టం నిషేధిస్తుంది. కాలిఫోర్నియాలో ఇంజిన్ ఉద్గారాలను ప్రభావితం చేసే విడిభాగానికి ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి ఇచ్చిన ఆమోద సంఖ్య ఉండాలి.

చివరికి తేలేదేమిటి?

‘బైపాస్’ అన్న మాటకు మన వాడుకలో ఊరిని తప్పించుకుపోయే దారి అన్న అర్థం స్థిరపడింది. ఇంజిన్‌లో ఆ మాటకు అర్థం కాస్త వేరు. ఇక్కడ పక్కదారి పట్టిన గాలి ఎక్కడికీ తప్పించుకుపోదు, అవసరం వచ్చేదాకా గుమ్మం దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఎప్పుడూ తిరగక తప్పని యంత్రానికి విశ్రాంతినిచ్చే ఏర్పాటు అది. దాన్ని అడ్డంకిగా చూసిన యజమాని మొదట తీగముక్క కోసం వెతుకుతాడు. పగ్గంగా చూసిన యజమాని అది బిగుతుగా ఉందా, వదులుగా ఉందా, తెగిందా అని ముందు పరీక్షిస్తాడు. మార్పు చేయిద్దామని సలహా ఇచ్చిన మెకానిక్‌ను అడగవలసిన ప్రశ్న కూడా ఒక్కటే: పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ కవాటం ఇప్పుడు తెరిచి ఉందా, మూసి ఉందా? జవాబును కొలిచి చూపగలిగితే అతని చేతికి పానా ఇవ్వవచ్చు. చూపలేకపోతే కారు తాళం జేబులో వేసుకుని ఇంటికి బయలుదేరడం మేలు.